బ్రేకాయన చెయ్యి

బస్సుల డిపోలో ముప్పయ్యారేళ్లు బ్రేకుల పనే చేశాడు కాబట్టి ఆయన్ని అందరూ బ్రేకాయన అనేవారు. కోపమొస్తే భార్య కూడా అలాగే పిలిచేది. హ్యాండ్‌బ్రేకు బిగించాక వెనక చక్రాలు జాకీ మీద లేపి, బ్రేకు పట్టిందో లేదో చేత్తో తిప్పి చూడాలన్నది డిపోలో నియమం. అది మిగతావాళ్లకి. ఆయన మాత్రం లీవరు ఒక్కసారి లాగి, "సరిపోయింది, తీసుకుపో" అనేవాడు. ఆయన చేతిమీదుగా వెళ్లిన బస్సు ఒక్కటీ జారలేదు. రిటైరయ్యాక ఆ గర్వం కూడా ఆయన వెంటే ఇంటికొచ్చింది.

ఆరు నెలల క్రితం ఓ ఉదయం లేచేసరికి కుడిచెయ్యి మొద్దుబారి, పట్టు లేకుండా ఉంది. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళితే దానికేదో జబ్బు పేరు పెడతాడని భయం. ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. అన్నం వేడికి చెయ్యి కాలుతోందంటూ చెంచా అడిగేవాడు. మొండిఘటం, ఏం చెబుతాం!

కూతురు, అల్లుడు చిన్న వ్యానులో దుకాణాలకు మంచినీళ్ల క్యాన్లు వేస్తారు. హ్యాండ్‌బ్రేకు వదులైంది, షెడ్డుకి తీసుకెళ్తానంది కూతురు.

"నేను బతికుండగా షెడ్డెందుకే?" అని ఇంతెత్తున లేచాడాయన.

వాకిట్లోనే పని పెట్టుకున్నాడు. లీవరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి, స్పానరుతో కేబులు నట్టు తిప్పాడు. స్పానరు రెండుసార్లు చేతిలోంచి జారిపడింది. చెమట తుడుచుకుని లీవరు లాగి చూశాడు. పళ్ల మీద టిక్కు టిక్కుమంటూ పైకొచ్చి, ఐదు టిక్కుల దగ్గర ఆగింది. ఎంత లాగినా ఇంక రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

"ఐదు టిక్కులు. అంతకు మించి లాగావంటే కేబులు సాగిపోతుంది."

"సరే నాన్నా."

మర్నాడు ఆమె ఏటవాలు వీధిలో వ్యాను ఆపి, ఐదు లెక్కపెట్టుకుని మరీ లాగింది. గేరులో ఉంచలేదు. నాన్న బిగించిన బ్రేకుకి గేరెందుకనుకుంది. అల్లుడు వెనక తలుపు తీసి క్యాను దించుతుండగా వ్యాను వెనక్కి జారి, అతన్ని గోడకేసి అదిమేసింది. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

"నేనే సరిగ్గా లాగలేదు." ఆ పిల్ల నోట అదొక్కటే మాట. అల్లుడు ఆమె మొహం చూడటం మానేశాడు. ఆసుపత్రికి ఆమె తెచ్చిన అన్నం ముట్టడు. కన్నతల్లి కూడా ఊరుకోలేదు.

"మీ నాన్న అంత బాగా బిగించిస్తే, చేజేతులా మొగుడి కాలు పోగొట్టావు కదే!"

కూతురు తల వంచుకుని మాటలన్నీ పడింది.

నాలుగో రోజు బ్రేకాయన వ్యాను ఎక్కి, ఎడమ చేత్తో లీవరు లాగాడు. ఐదు దాటింది. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో టిక్కు దాకా గట్టిగా పట్టనేలేదు. మొన్న ఐదు దగ్గర ఆగిపోయింది లీవరు కాదు, తన కుడిచెయ్యే. జాకీ వేసి చక్రం తిప్పి చూసుంటే అప్పుడే తెలిసిపోయేది. ఇప్పుడు తను నోరు విప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే తనమీద తనకి అసహ్యం వేసింది. స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాడు. అల్లుడి గది బయటే కూతురు నిలబడి ఉంది, లోపలికి వెళ్లే ధైర్యం లేక. ఆమెను దాటుకుని లోపలికి వెళ్లాడు.

"తప్పు దానిది కాదు అల్లుడూ. బ్రేకు నేనే సరిగ్గా బిగించలేదు."

అల్లుడు గోడవైపు తిరిగాడు. "కూతుర్ని వెనకేసుకొస్తున్నారు. మీ చెయ్యి ఎప్పుడైనా తప్పిందా మామయ్యా? నాకు తెలీదా?"

ఒట్టేసి చెప్పినా నమ్మడే! ఇన్నేళ్లూ మురిసిపోయిన మంచిపేరే ఇప్పుడు ఆయన మాటకు అడ్డం పడింది. చివరికి మంచం అంచున కూర్చుని, తన కుడిచెయ్యి అల్లుడి అరచేతిలో పెట్టాడు.

"నా బలమంతా పెట్టి నొక్కుతాను. చూడు."

అల్లుడు ఎదురుచూశాడు.

"ఏదీ, నొక్కండి మామయ్యా."

"నొక్కుతూనే ఉన్నాను," అన్నాడు బ్రేకాయన.