మా ఇంట్లో నెత్తళ్ళ నిషేధం, దాని రద్దు

ఈ సాయంత్రం, సముద్రం మధ్య దీవిలో, మిన్నీ బేలోని మా ఇంట్లో ఒక చట్టం పుట్టి, పావుగంటకే కన్నుమూసింది.

రేపు నాన్నా నేనూ విశాఖ వెళ్తున్నాం. అక్కడున్న తన చెల్లెలి కోసం మామ్మ ఎప్పటిలాగే ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి, నాన్న సూట్‌కేసులో చొక్కాల కింద దాచింది. పోయినసారి ఇలాగే చేపల వాసన పట్టిన చొక్కాతోనే పెళ్ళికి వెళ్ళి, పక్కన ఎవరూ కూర్చోక ఒంటరిగా భోంచేసిన నాన్న, పొట్లం బయటికి తీసి తీర్పు చెప్పారు.

"అమ్మా, సూట్‌కేసులో చేపలు పెట్టడం ఈ రోజు నుంచి ఔట్‌లా చేసేశాను. బస్, ఖతం!"

మామ్మ నావైపు తిరిగింది. "ఔట్‌లా అంటే ఏట్రా?"

డిగ్రీ చదివినవాణ్ణి కదా, గొంతు సవరించుకున్నాను. "గవర్నమెంటు చట్టం చేసి ఒక పనిని నేరం కింద మార్చడం మామ్మా. మన ఒడ్డున పగడాలు ఏరుకెళ్ళడం నేరం కదా, అలాగ."

"మరి మీ బాబు గవర్నమెంటేటి?"

"కాదు. ఇంట్లో వద్దంటే అది ఉత్తి బ్యాన్. ఇంటికి పెద్దవాళ్ళు ఎత్తేయొచ్చు."

"అయితే ఎత్తీసినాను. మా చెల్లికి జొరమొచ్చి నోరు చేదైపోనాది. ఈ నెత్తళ్ళ పులుసైతేనే రెండు ముద్దలు తింతాది."

నాన్న మెత్తబడ్డారు. కానీ పొట్లం తెచ్చి నా బ్యాగులో, ఇంటర్వ్యూకి ఇస్త్రీ చేయించుకున్న చొక్కా మీద పెట్టారు. "అర్థం చెప్పినోడే మోస్తాడు!"

మీ ఇళ్ళల్లో ఏవి ఔట్‌లా అయ్యాయో, వాటిని ఏ మామ్మ రద్దు చేసిందో కింద రాయండి. ఈ వాసనకి నాకు ఉద్యోగం ఎలాగూ రాదు, తీరిగ్గా చదువుతాను.