సీతాఫలాల కొండ మీద, ఎలుగుబంటికి వినబడేలా

పెళ్లి వీడియోలు తీసుకునే నాకు అడవి జంతువుల డాక్యుమెంటరీల పిచ్చి ఎప్పుడు పట్టుకుందో చెప్పలేను. హిందూపురంలో నేను పనిచేసే స్టూడియో మూసి ఇంటికి రాగానే కంచం ముందు పెట్టుకుని ఏదో ఒకటి చూడాల్సిందే. అందులోనూ మనుషులూ మృగాలూ ఒకే చోట బతికే కథలంటే నాకు ప్రాణం. పెనుకొండ దగ్గర ఒక పల్లెలో పెళ్లి తీస్తున్నప్పుడు పెళ్లికూతురి తల్లి రామక్కతో ఈ సంగతి అన్నాను. ఆమె నవ్వి, "దానికి టీవీ యాలమ్మా? సీతాఫలాల కాలంలో మా కొండకు రా. నీ అదృష్టం బాగుంటే ఆయప్పే కనపడతాడు" అంది. ఆయప్ప అంటే ఎలుగుబంటి. కొండ మీద ఉన్నంతసేపూ దాన్ని పేరు పెట్టి పిలవరట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. నా మొదటి సొంత డాక్యుమెంటరీ ఆయప్ప మీదే తీయాలని ఆ పెళ్లి పందిట్లోనే నిశ్చయించుకున్నాను.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి హిందూపురం బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు అక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మగవాళ్లు ఓ అరవై రూపాయలు దగ్గర పెట్టుకోవాలి. గంటంబావులో పెనుకొండ వచ్చేస్తుంది. ధర్మవరం వైపు నుంచి వచ్చేవాళ్లకూ దాదాపు అంతే దూరం, రైలు కూడా ఉంది. బస్టాండు బయట వేడివేడి ఇడ్లీ తిని, పల్లెకు రెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు నా ట్రైపాడ్ చూసి ఎవరి పెళ్లి అని అడిగాడు. పెళ్లి కాదు, ఎలుగుబంటిని తీయడానికి పోతున్నానని గొప్పగా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"గొంతు బాగుండాదా?" అని మాత్రం అడిగాడు.

దాని అర్థం రామక్క ఇంట్లో సంగటి, చెనిక్కాయల పచ్చడి తింటున్నప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో సీతాఫలాలకు ఇద్దరిద్దరుగా పోతారు. ఒకరు పైకెక్కి కాయలు కోస్తారు, రెండోవారు దోవ మలుపులో ఉన్న గుండురాయి మీద కూర్చుని ఆగకుండా కేకలు వేస్తుంటారు. పండ్లు తినే ధ్యాసలో ఉన్న ఎలుగుబంటికి మనిషి అలికిడి ముందే తెలిస్తే తనంతట తానే తప్పుకుంటుంది. తెలియకుండా ఎదురుపడితేనే ప్రమాదం. ఒక ఏడు జలుబుతో గొంతు పోయినా రామక్క భర్త నరసింహప్ప మొండిగా ఒక్కడే ఎక్కాడట. ఆయన భుజం మీద గుంట నాకు చూపించి, "దాని తప్పు ల్యాదు. నేనొస్తాండేది దానికి తెలీకపాయె" అన్నాడు. అప్పటి నుంచి కోత రామక్కది, కేక ఆయనది. ఆ పొద్దు ఆయన పండ్ల గంపలతో పెనుకొండకు పోవాలి కాబట్టి కేక నాకు వచ్చింది. ఎగిరి గంతేశాను. కానీ నేను చూసిన డాక్యుమెంటరీల్లో అందరూ ఊపిరి బిగబట్టి దాక్కునేవాళ్లే. అరిచి జంతువును తరిమేస్తే ఇక తీసేదేముంది అని లోపల పీకుతూనే ఉంది.

తొమ్మిదిన్నరకల్లా గుండు ఎక్కేశాను. అక్కడి నుంచి దోవ రెండు వైపులా కనబడుతుంది, కింద నడిచేవాళ్లకు మాత్రం మలుపు అవతల ఏముందో తెలియదు. రామక్క పైకి పోయింది. "వస్తాండామప్పా, పక్కకు పో" అని నేను అరవడం, పై నుంచి ఆమె "ఓ" అనడం. పెళ్లిళ్లలో చుట్టాలను వరసలో నిలబెట్టే గొంతు కదా, బాగానే పలికింది. చాలాసేపటికి ఇవతలి వైపు పొద కదిలింది. నల్లటి జూలు, తెల్లటి మూతి. ఆయప్ప దోవ మధ్యలో చతికిలబడి పండు చీల్చుకుని తింటున్నాడు. నా నోరు దానంతటదే మూతబడింది. కెమెరా తిప్పాను. వెలుతురు బాగుంది, ఫ్రేము బాగుంది. జన్మలో ఇలాంటి షాట్ మళ్లీ దొరకదు అనుకుంటుండగా అవతలి వైపు నెత్తిన గంపతో దిగి వస్తున్న రామక్క కనబడింది. నేను పిలవలేదు కాబట్టి ఆమె పలకడం లేదు. ఇంకాస్త నడిస్తే మలుపులో ఇద్దరూ ముఖాముఖి. అరిస్తే షాట్ పోతుంది. నాకు నరసింహప్ప భుజం గుర్తొచ్చింది. ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను. ఆయప్ప రెండు కాళ్ల మీద లేచి నా వైపు ఒకసారి చూసి, పొదల్లోకి దూకి వెళ్లిపోయాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

నేను గమ్మునుంటే నీళ్లు తాగుతున్నానని అనుకుందట రామక్క. సంగతి విని గంప దించి, వీడియో వేయమంది. ఉన్నదే కొన్ని సెకన్లు. అందులో సగం నా కీచు గొంతు, ఊగిపోయే కొండ. రెండోసారి కూడా చూసి, "ఈ అరుపు మాత్రం తీసేయాకు. అదుండబట్టే నేనుండా" అంది.

సాయంత్రానికి సంచి నిండా సీతాఫలాలతో ఇంటికి చేరాను. స్టూడియో ఓనరు వీడియో చూసి, ఆ అరుపు తీసేసి వేణువు పెడితే అదిరిపోతుందన్నాడు. ససేమిరా అన్నాను. నేను ఇన్నాళ్లూ చూసిన వాటిలో మృగాల పక్కన మనుషులు ఎలా బతుకుతున్నారో చూపించారు గానీ, రోజూ గొంతు చించుకుని మరీ బతుకుతారని నాకెప్పుడూ తట్టలేదు. నాకు దొరికిన ఆ కొన్ని సెకన్లలో అది ఉంది, అందుకే అవంటే నాకు ఇంత ఇష్టం. మీరూ ఇలాంటి కొండకు పోతే ఊరివాళ్లతోనే పోండి, ఎక్కేముందు ఇయర్‌ఫోన్లు తీసి బ్యాగులో వేసుకోండి. అరవడానికి సిగ్గేస్తే, మాటలు తోచకపోతే, నావి అరువు తీసుకోండి: "వస్తాండామప్పా, పక్కకు పో."