నింద మోసిన పంపు

ల్యాబులో అందరికీ ఆయన పంపు బాబాయే. గాలి తోడే పంపుల పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాడైనదాన్ని విప్పి, మోచేతుల దాకా ఆయిల్ పూసుకుని, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్లలో తన పంపు వల్ల పని ఆగిందన్న మాట పడలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఆ రోజు రీసెర్చ్ అమ్మాయి బఠాణీ గింజంత పూమొగ్గ తెచ్చింది. దానికి సన్నటి బంగారు పూత వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలి. గాలంతా తోడేస్తేగాని పూత పట్టదు. బాబాయ్ మొగ్గను గాజు మూత కింద పెట్టి పంపు వేశాడు. మీటరు ముల్లు దాటాల్సిన గీత దాకా రాక సగంలోనే వేలాడింది. వెంటనే ఆపి, మెల్లగా గాలి వదిలి, మొగ్గను బయటికి తీశాడు. ఖాళీగా మూసి తోడితే ముల్లు చకచకా గీత దాటింది.

"పంపు శుభ్రంగా ఉంది తల్లీ. మొగ్గలోనే తడి ఉంది. ఎన్నాళ్లు ఆరబెట్టావు?"

"మూడు రోజులు పెట్టాలి బాబాయ్. ఒక్కరోజే పెట్టాను. మైక్రోస్కోపు దగ్గర నా వంతు ముందుకు జరిగింది, రేపటికల్లా ఫొటోలు కావాలన్నారు సార్." అమ్మాయి మొగ్గను అరచేత్తో కప్పుకుంది. "నిరుడు ఒకటి పాడుచేశాను. మళ్లీ తొందరపడ్డానని తెలిస్తే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ ఏడాది ఆ మొక్క వేసింది ఇదొక్క మొగ్గే."

"ఇప్పుడు తోడితే తడంతా ఒక్కసారే లాగేసి ఎండుద్రాక్ష అయిపోతుంది."

బాబాయ్ కాసేపు పంపు వైపే చూశాడు. మరకేమీ లేకపోయినా గుడ్డతో ఒకసారి తుడిచాడు. తరువాత సుద్దముక్క తీసి తలుపు మీద రాశాడు: పంపు రిపేరు, రెండు రోజులు.

"బాబాయ్! మీ పంపుకేమీ..."

"నువ్వు నోరు మూసుకుని మొగ్గ సంగతి చూడు. ఈసారి తొందరపడితే చెవి మెలిపెడతా."

సాయంత్రం సార్ వచ్చాడు. "ఏంటయ్యా, నీ పంపు కూడా మూలపడిందా?"

"సీలు అరిగిందండీ," అన్నాడు బాబాయ్. చెవులు ఎర్రబడ్డాయి.

రెండు రోజుల తరువాత వాల్వు అమ్మాయి చేతనే తిప్పించాడు. ముల్లు గీత దాటింది, పూత పట్టింది. మైక్రోస్కోపు తెరమీద మొగ్గ నూగు అంతా, ఏ వెంట్రుకకా వెంట్రుక, దువ్విన పసిపాప జుట్టులా నిలబడింది. అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది.

"అవతలికి పోయి ఏడువు, మెషిను తడుస్తుంది," అని బాబాయ్ బయటికి నడిచాడు.

వరండాలో స్టోరు గుమాస్తా పట్టుకున్నాడు. "ఏం బాబాయ్, ఇన్నేళ్ల గొప్పా పోయిందటగా!"

"పోయిందయ్యా," అని, బాబాయ్ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.