పక్కన కుర్చీ వేసే సారు

మా సారు పోయారని నిన్న పొద్దున వాళ్ళ కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆయన కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యారు. నాకేమీ పాఠాలు చెప్పలేదు. అమీర్‌పేటలో మా లేడీస్ హాస్టల్ పక్కిల్లు వాళ్ళది, అంతే. అయినా ఆయన నాకు సారే.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇచ్చిన ఉద్యోగాలు కూడా వెనక్కి లాక్కున్న రోజులవి. నాదీ ఊడింది. ఏలూరులో ఉన్న నాన్నకు చెప్పలేదు, హాస్టల్లోనూ ఎవరికీ తెలియనివ్వలేదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకన్నట్టు బయల్దేరి, పంజాగుట్ట బస్టాపులో కూర్చుని, సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. నెల రోజులు! నాకు నాటకాల్లో వేషం ఇవ్వాల్సింది. అక్కడ కూర్చుంటే పాడు ఆలోచనలు కూడా వచ్చేవి, దాచడమెందుకు.

ఆ బస్టాపులో నన్ను రెండుసార్లు చూశారట సారు. ఓ సాయంత్రం గేటు దగ్గర ఆపి వరండాలోకి పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తన కుర్చీ పక్కనే రోడ్డు వైపు తిప్పి వేశారు. ఎవరొచ్చినా అలాగే వేసేవారు.

"ఎదురుంగ కూసుంటే ఠాణాల అడిగినట్లుంటది బిడ్డా," అన్నారు.

అంతా కక్కేశాను. "నాకే ఎందుకిలా సార్? మీకు తెలుసు కదా, చెప్పండి," అని దబాయించాను కూడా.

"మా తమ్ముని భార్య పోయినప్పుడు వాడు గిట్లనే అడిగిండు, గంటసేపు చెప్పిన. దుఃఖం ఎట్ల పుడ్తది, మనసు దాన్నెట్ల పట్టుకుంటది, అన్నీ. మొత్తం విని, 'మంచిగ చెప్పినవన్నా, జర మంచినీళ్ళియ్యి' అన్నడు. పొద్దటి సంది వాడు నీళ్ళు సుత తాగలే. పక్కనే ఉండి నాకు కానరాలే."

అప్పట్నుంచి కష్టంలో ఉన్నవాళ్ళకు ఆయన కారణాలు చెప్పడం మానేశారట. తర్వాత మెల్లగా అడిగారు, "నాయినకు చెప్పినవా?"

"ఆయన గుండె పగిలిపోతుంది సార్."

"నీది పగల్లేదా? పా, నేనొస్త."

సందు చివర ఎస్టీడీ బూత్ దాకా నాతో నడిచారు. నేను లోపలికెళ్తే ఆయన గాజు తలుపు బయట, అటు తిరిగి నిలబడ్డారు. విషయం చెప్పాను. నాన్న, "నెల్రోజులా? ఒక్కదానివే ఎలా మోశావే తల్లీ?" అన్నారు. ఇక నాకు ఏడుపు ఆగలేదు.

ఫోన్ కోసం వెనక నిలబడ్డతను విసుక్కుంటూ తలుపు కొట్టబోయాడు. సారు చెయ్యి అడ్డం పెట్టారు.

"జర ఆగు భాయ్, బిడ్డ మాట్లాడుతున్నది."

నేను ఒక్క ముక్క కూడా మాట్లాడటం లేదు. రిసీవర్ పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాను. సారు ఇటు తిరగలేదు, చెయ్యీ దించలేదు.