స్కాన్‌లో ఏమీ లేదు

శుక్రవారం. పొద్దున ఎనిమిదికే మిట్టమధ్యాహ్నపు ఎండ. తొట్టి కడిగి నీళ్లు పట్టాను.

మా ఆవిడకు రెండేళ్లుగా మెడ వెనక నుంచి కంటిదాకా పొడిచే తలనొప్పి. మాత్రలకు లొంగడం లేదు. తల వెనక నరానికి ఇంజెక్షన్ ఇస్తే తగ్గుతుందని, సోమవారం రమ్మని కడప డాక్టరు చెప్పారు. దానికి డబ్బు ఇవ్వడం కుదరదని ఈరోజు ఇన్సూరెన్స్ వాళ్ల మెసేజ్ వచ్చింది. ఫోన్ చేసి కారణం అడిగాను.

"స్కాన్ నార్మల్‌గా ఉంది కదా సార్. ఏమీ లేనప్పుడు ఆ ఇంజెక్షన్ అవసరం లేదు" అందొక అమ్మాయి.

ఆ స్కాన్‌లో ఏమీ ఉండకూడదనే ఒంటిమిట్ట రాముడికి మొక్కుకున్నాం. ఏమీ లేదని తేలాక వెళ్లి కొబ్బరికాయలు కూడా కొట్టి వచ్చాం.

తలకు తడిగుడ్డ కట్టుకుని పడుకున్న ఆమెకు సంగతి చెప్పాను. కళ్లు తెరవకుండానే అంది: "అయితే మల్లా పోయి, ఏమన్నా కనపడేట్ల చేయి సామీ అని మొక్కుకుందామా? సరేగానీ, ఆ పిల్లతో నువ్వేమన్నావయ్యా?"

సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాను. అప్పటి నుంచి ఆ 'సరే' నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

మీలో, ఇన్సూరెన్స్ వాళ్లు ఇలా కాదన్నాక మళ్లీ రాసి ఒప్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏం రాయాలో చెప్పండి. సోమవారం లోపల...

లోపలి నుంచి పిలుస్తోంది. గుడ్డ ఆరిపోయిందట.