ఫర్నేస్ స్విచ్ ఎవరు ఆపారు

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెప్తే నేను ఒక్కటే అడిగేదాన్ని, మళ్ళీ చూపించగలరా అని. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మళ్ళీ చేసి చూపించలేని తప్పుని మా ఆఫీస్‌లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దయ్యాల విషయంలోనూ నాది అదే రూలు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

మేముండేది అరోరాలో. పోయిన జనవరిలో మా పాపకి రెండో నెల. పురిటికని గుంటూరు నుంచి మా అమ్మ వచ్చి ఉంది. మా ఆయన ఆ వారం ఆఫీస్ పని మీద డాలస్ వెళ్ళారు. బయట మోకాలి లోతు మంచు.

సోమవారం పొద్దున లేచేసరికి ఇల్లు చల్లగా ఉంది. బేస్‌మెంట్‌లో ఉన్న ఫర్నేస్ గ్యాస్‌తో మండి ఇల్లంతటికీ వేడిగాలి పంపాలి. అది స్టార్ట్ కావడం లేదు. నా పద్ధతిలో నేను వెతకడం మొదలుపెట్టాను. థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చాను. ఫిల్టర్ పాత దుప్పటిలా ఉంటే తీసేసి కొత్తది పెట్టాను. కరెంటు బ్రేకర్ బాగానే ఉంది. చివరికి బేస్‌మెంట్ మెట్ల కింద గోడకున్న ఫర్నేస్ స్విచ్ చూస్తే ఆఫ్‌లో ఉంది. అది అచ్చం లైటు స్విచ్‌లాగే ఉంటుంది. పైకి నొక్కగానే ఫర్నేస్ మొదలైంది.

నవ్వొచ్చింది. మా అమ్మ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కనిపించిన స్విచ్చల్లా ఆపేస్తుంది. గుంటూరులో ప్రతి ప్లగ్గుకీ ఒక స్విచ్ ఉంటుంది కదా. ఇక్కడ అది కనిపించక ప్లగ్గే పీకేస్తుంది. ఆమె చేతుల్లో మా వైఫై ఎన్నిసార్లు పోయిందో చెప్పలేను. అలవాట్లో పొరపాటు అనుకుని, ఆ స్విచ్ జోలికి వెళ్ళొద్దని మెల్లగా చెప్పాను. తను వెళ్ళలేదంది.

బుధవారం మధ్యాహ్నం మళ్ళీ ఆగింది. మళ్ళీ అదే స్విచ్. పాప పాదాలు చల్లబడ్డాయి. ఈసారి అమ్మ మీద గట్టిగానే అరిచాను.

"ఆ మెట్లు దిగితే నన్ను పైకి మోసుకురావాలి. నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదటే?" అంది.

వినలేదు. స్విచ్ ఆన్ చేసి, దాని మీద అడ్డంగా ప్యాకింగ్ టేపు అంటించాను. ఎవరైనా పీకి మళ్ళీ అంటిస్తే తెలియాలని టేపు మీంచి గోడ మీదికి పెన్నుతో ఒక గీత గీశాను. అనుమానం పెనుభూతం అంటారు, నేను దాన్ని కన్నతల్లి మీదే పెట్టుకున్నాను.

శుక్రవారం పాపకి టీకాలు. బయల్దేరే ముందు కిందికి దిగి చూశాను. ఫర్నేస్ నడుస్తోంది, టేపు ఉంది. అమ్మనీ పాపనీ కార్‌లో ఎక్కించుకుని, ఇంటికి తాళం వేసి వెళ్ళాను. రెండు గంటల తర్వాత వచ్చేసరికి ఇల్లు చల్లబడింది. స్విచ్ ఆఫ్‌లో ఉంది. టేపు మాత్రం దాని మీదే ఉంది. ఎక్కడా మడత లేదు. గీత గోడ మీది గీతతో కలిసే ఉంది.

స్విచ్‌లోనే ఏదో లోపం ఉందనుకుని, ఇంక ముట్టుకోకుండా రిపేర్ ఆయన్ని పిలిచాను.

అరవై దాటిన మనిషి, మాట తక్కువ. స్విచ్ విప్పి చూసి బాగానే ఉందన్నాడు, దానంతటది పడిపోయేంత వదులుగా లేదన్నాడు. తర్వాత ఫర్నేస్ మూత తీసి లోపలికి చిన్న కెమెరా పంపాడు. అప్పుడు నన్ను పిలిచి చూపించాడు. మంట మండే ఇనప అర పగిలి ఉంది, వేలంత పొడుగున. ఇలాగే నడిస్తే ఏదో ఒక రోజు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వేడిగాలితో కలిసి గదుల్లోకి వచ్చేదట. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియదు. పాపని పడుకోబెట్టే క్రిబ్ వేడిగాలి వచ్చే జాలీ పక్కనే ఉంది. చలి తగలకూడదని నేనే అక్కడికి జరిపాను.

అలారం లేదా అని అడిగాడు. మాది పొగకీ ఆ గ్యాస్‌కీ కలిపి ఒకటే అలారం. పోపు వేసినప్పుడల్లా అరిచి పాపని లేపుతోందని నెల క్రితం నేనే బ్యాటరీలు తీసి సొరుగులో పడేశాను.

గ్యాస్ కట్టేసి, ఫర్నేస్‌కి వాడకూడదని ఎర్ర చీటీ తగిలించి వెళ్ళాడు. ఆ సాయంత్రం నేపర్‌విల్‌లో ఉన్న ఫ్రెండ్ వాళ్ళింట్లో సర్దుకున్నాం. అక్కడ అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. తప్పయిపోయిందన్నాను.

"పోనీ నేనే ఆపాననుకోవే," అంది అమ్మ. "నీకు కాస్త నిద్రయినా పడుతుంది."

అలా అనుకోలేను. ఆ రెండు గంటలూ అమ్మ డాక్టర్ దగ్గర నా పక్కనే కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆపిందెవరో ఇవాళ్టికీ తెలీదు. రెండుసార్లు మళ్ళీ ఆన్ చేసింది మాత్రం నేనే.