వంజరంలో పురుగు, గొర్రెల మందు, మా మామ

పొద్దున ఏడున్నరకు గుంతకల్లులో ప్యాసింజరెక్కాను. తీర్థానికి కాదు. మా మేనమామ గొర్రెలకు పోసే నులిపురుగుల మందు తాగుతానని మొండికేశాడని అత్త ఫోన్ చేసింది. "నువ్వు రైల్వేలో ఉండావు, నీ మాటైతే ఇంటాడు" అంది. నేను పార్సిల్ ఆఫీసులో గుమాస్తాను. వైద్యానికీ నాకూ ఆమడ దూరం.

మామది రాప్తాడు పక్క పల్లె, గొర్రెల కాపరి. ముందురోజు అనంతపురంలో ఐసుపెట్టెలో వచ్చిన సముద్రపు వంజరం చేప కొన్నాడు. సగం మధ్యాహ్నం పులుసయింది. మిగతా సగం సాయంత్రం వేపుడుకు కోస్తే, పొట్ట దగ్గర జంతిక చుట్టలా తెల్లటి పురుగు! ఇంక రాత్రంతా మామకు నిద్ర లేదు. గొర్రె కడుపులో పురుగుకు ఏ మందో మనిషికీ అదేనని ఆయన సిద్ధాంతం. రెండు పొట్టేళ్ల బరువుంటాడు కాబట్టి రెండు పొట్టేళ్ల డోసు.

స్టేషన్లో కొనుక్కున్న బొరుగుల ఉగ్గాణి తింటూ ఎదురు సీటులోని బట్టల సెట్టిగారికి ఈ కథ చెప్పాను. "చేపలూ మాంసమూ తినబట్టే కదప్పా ఈ తిప్పలు" అన్నాడు. వంకాయలో పురుగుంటే ఏం చేస్తారని అడిగాను. పురుగును పారేసి వంకాయ వండుకుంటామన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

గార్లదిన్నెలో శనక్కాయల మూటతో ఒకామె ఎక్కింది. మా మాటలు విని, తమ ఊళ్లో ఒకాయన ఆ మందు తాగాడని చెప్పింది. ఏమైందన్నాను.

"ఆస్పత్రిలో చేర్చినారు. గొర్రెలు మాత్రం బాగుండాయి."

ఆ తర్వాత ఉగ్గాణి రుచించలేదు. నిజంగానే భయమేసింది.

బండి అనంతపురం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. షేర్ ఆటోలో రాప్తాడు, అక్కణ్ణించి నడక. వెళ్లేసరికి అత్త బియ్యం డబ్బా మీద కూర్చుని ఉంది. మందు సీసా ఆ డబ్బాలో ఉందట. మామ వాకిట్లో పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

"ఒరే అల్లుడా, లోపల పాకుతాండాది. మీ అత్తను లెయ్యమను."

ఆస్పత్రికి వస్తేనే లేపుతానని బేరం పెట్టాను. ఫ్రిజ్జులో దాచిన మిగతా చేపను సంచిలో వేసుకుని ముగ్గురం దగ్గరి ఆస్పత్రికి పోయాం. డాక్టరమ్మ సంచిలోకి చూసి, కడుపునొప్పి, వాంతులు, దద్దుర్లు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. ఆకలిగా ఉందన్నాడు మామ.

సముద్రపు చేపల్లో ఈ పురుగు మామూలేనట. ప్రాణంతో లోపలికి పోతేనే కడుపు గోడను పట్టుకుని ఏడిపిస్తుందట. నిమ్మరసానికీ ఉప్పుకీ చావదు, బాగా ఉడికితే చస్తుంది. కొందరికి చచ్చిన పురుగుతో కూడా దద్దుర్లు రావచ్చు, వస్తే వెంటనే రమ్మంది. గొర్రెల మందు గొర్రెలకే ఉంచమంది. ఇంతకీ ఆ పులుసు ఎంతసేపు ఉడికిందని అడిగింది.

మామ గోడ వైపు చూశాడు. ఎందుకో నాకు తెలుసు. అత్త చేపను కూడా ముదురు పొట్టేలు మాంసంలాగే కుక్కర్లో పెట్టి కూతల మీద కూతలు వేయిస్తుంది. పెళ్లయిన నాటి నుంచి మామ దాన్ని గంజి అంటాడు, హైవే డాబాల్లో మాదిరి పైన ఎర్రగా, లోపల పచ్చిగా వేపుడు చేయమని పోరుతాడు.

"చెప్పు, డాక్టరమ్మ అడుగుతాండాది" అంది అత్త.

"ముక్క మిగల్లేదమ్మా" అన్నాడు మామ, నేల చూపులు చూస్తూ. "ముల్లు గూడా మెత్తగైపోతాది."

"అయితే నీకేం కాదు. ఈమె చెయ్యి చల్లగుండాల" అంది డాక్టరమ్మ.

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రాత్రంతా ఆ బియ్యం డబ్బా మీదే కూర్చున్నానని డాక్టరమ్మతో చెప్పుకుంది. నాకు మామను నాలుగు తిట్టాలనిపించింది. ఆయన ముఖం చూశాక మానేశాను.

ఇంటికి రాగానే అత్త సెట్టిగారి పద్ధతే పాటించింది. పురుగును పొయ్యిలో వేసి, మిగతా చేపను కుక్కర్లో పెట్టింది. మూడో కూతకు మామ పొయ్యి దగ్గరికొచ్చాడు. ఆపమంటాడేమో అనుకున్నాను.

"ఇంగో నాలుగు రానీ" అన్నాడు.

సాయంత్రం తిరుగు బండిలో అత్త కట్టిచ్చిన క్యారియర్ విప్పాను. వెంట రాదలచిన పాఠకులకు ఒక మాట: రాప్తాడు ఎండ భరించొచ్చు, బస్సులూ ఆటోలూ దొరుకుతాయి, మనుషులు మంచివాళ్లు. ఆ పులుసులో చేపముక్క కోసం మాత్రం వెతక్కండి. నేను గుంతకల్లు దాకా వెతికాను. దొరకలేదు. గిన్నె నాకి మరీ తిన్నాను.